సంతగూడెంలో నాకంటే ముందు చేరిన మనిషి

మా ముత్తాత నరసింహారావు గారు నిజాం జమానాలో అడవి అంచు ఊళ్ల శిస్తు వసూలు చేసే మక్తేదారు. ఆయన కుమారుడు, మా తాతగారు రాఘవరావు గారు, గోదావరికి ఇవతల సంతగూడెంలో సంత పెట్టించిన మనిషి. ఆయన వస్తున్నారంటే పెళ్లి బాజా కూడా ఆగేదని చెబుతారు. మా నాన్నగారు సీతారామారావు గారు ఏమీ పెట్టించలేదు. ఉన్నవి ఒక్కొక్కటిగా పోతుంటే వరండాలో నిటారుగా కూర్చుని చూశారు. నిటారుగా కూర్చోవడం నాకు ఆయన నుంచే వచ్చింది. మిగతావి నా దాకా రాలేదు.

దయ్యాల విషయంలో మా ఇంటి వైఖరి స్పష్టం. తాతగారు వాటిని మా గడి (దొరల కోట ఇల్లు) ఆవరణలోకి రానివ్వలేదు. నాన్నగారు వాటి గురించి మాట్లాడటమే మర్యాద తక్కువ అనుకునేవారు. నేను బీఎస్సీ చదివాను. కాబట్టి కింద రాసింది చదివి, ఈయన ఏ మంత్రగాడి వెంటో పడ్డాడని ఎవరూ అనుకోవద్దు. నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ముందు గడి పద్ధతి ఒకటి చెప్పాలి. తాతగారు ఊళ్ల మీదికి బయలుదేరితే ఆయనకంటే ముందు బంట్రోతు నడిచేవాడు. చేతిలో తలకు వెండి పొన్ను తొడిగిన కర్ర, దాని మెడకు గజ్జెలు. ఊరి మొదట్లో కర్రను నేలకు తాటించి "దొర వస్తున్నరు, మంచం వేయుండ్రి" అనేవాడు. ఊరివాళ్లు నులక మంచం వాల్చి, మీద జంబుఖానా పరిచి, కాళ్లకు వేన్నీళ్లు పెట్టి, కోడిని కోసేవారు. ఇది దొరకు రావలసింది. దొర ఇవ్వవలసింది కూడా ఒకటి ఉంది. ఆ మంచం మీద కూర్చున్నాక, ఆ ఊరి తగువు ఒకటి విని తీర్పు చెప్పకుండా లేవకూడదు. తీర్పు బాగుండాలన్న నియమం మాత్రం లేదు.

చివరి బంట్రోతు గురవయ్య. సన్నటి మనిషి, కుడి చెవికి రాగి పోగు, ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు. తాతగారు ఒక పండక్కి ఆయనకు కిర్రు చెప్పుల జత ఇప్పించారు. అయితే కర్ర మోసేవాడు దొర తొడుక్కోమంటే తప్ప చెప్పులు తొడగకూడదు. తాతగారు తొడుక్కోమనడం మరిచిపోయారు. గురవయ్య అడగలేదు. తాతగారు పోయాక నాన్నగారికి ఆ సంగతి తట్టలేదు. గురవయ్య ఆ చెప్పుల్ని చేత పట్టుకునే తిరిగాడు. ఆయన పోయిన రోజు పాడె మీద పక్కన పెట్టారు. అడుగు అరగని చెప్పులు. నేను అప్పుడు కాలేజీలో ఉన్నాను, కళ్లారా చూశాను. మా ఇంటి క్రమశిక్షణకు ఉదాహరణగా ఈ సంగతి చాలామందికి చెప్పాను. ఎందుకో ఎవరూ మెచ్చుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, గడి నుంచి నా దగ్గర మిగిలింది ఆ కర్ర ఒక్కటే. ఖమ్మంలో కిరాయి ఇంట్లో, బీరువా వెనక నిలబడి ఉండేది. అది కూడా నిటారుగానే.

ఆ ఎండాకాలం నా భార్య సరోజిని రెండు కళ్లకూ పొరలు ముదిరాయి. గ్లాసు పక్కన చాయ పోసేది. నన్ను చూసి పాలవాడనుకుని గిన్నె చాపింది. ఉచిత కంటి శిబిరం పెట్టారని ఇరుగుపొరుగు చెప్పారు. మా ఇంటి ఆడవాళ్లు ఉచిత శిబిరంలో వరుసలో కూర్చోరని నేను చెప్పాను.

"కూర్చుంటే ఏమవుతదండీ," అంది సరోజిని. "ఎట్లా నాకు కనపడదు. ఎవరు చూస్తున్నరో నాకు తెల్వనే తెల్వదు."

నేను ఒప్పుకోలేదు. ప్రైవేటు దవాఖానాలో చేయిస్తానన్నాను. దేనితో చేయిస్తారని ఆమె అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా అనిపించింది.

సంతగూడెంలో భాస్కర్ సేటు అని ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ల కోసం అడవి పక్కన కాటేజీలు కట్టాడని, గోడలకు తగిలించడానికి పాత వస్తువులు కొంటాడని తెలిసింది. ఫోనులో మాట్లాడాను. కర్ర అమ్ముతానని మాట ఇచ్చాను. ఖమ్మంలో అయితే వెండి దుకాణం మెట్టెక్కక ముందే ఊరంతా తెలుస్తుంది. సంతగూడెంలో నా ముఖం ఎవరికీ తెలియదు. గుట్టుగా ఇచ్చి, గుట్టుగా రావచ్చు. గడి వారసుడు బంట్రోతు కర్ర అమ్ముకుంటున్నాడన్న మాట ఒక్కరి చెవిన కూడా పడకూడదు. నాకు కావలసింది అంతే.

సరోజినికి గాలి మార్పుకు వెళ్తున్నానని చెప్పాను. గజ్జెలు మోగకుండా ఒక్కో దానికీ గుడ్డ పీలిక చుట్టి, కర్రను పాత దుప్పటిలో కట్టాను.

సంతగూడెం దగ్గర పోలీసు క్యాంపు ముందు జీపు ఆపారు. ఆ రోజుల్లో ఆ దారిలో దుప్పటిలో చుట్టిన పొడవాటి వస్తువుతో ప్రయాణం చేయడం ఎంత తెలివితక్కువ పనో నాకు అప్పుడే తట్టింది. కానిస్టేబుల్ దుప్పటి విప్పించాడు.

"ఇదేంది?"

"కర్ర."

"కర్రకు గజ్జెలెందుకు? గజ్జెలకు గుడ్డలెందుకు?"

నేను ముత్తాత గారి దగ్గర మొదలుపెట్టి మా వంశం గురించి చెప్పాను. ఆయన ఎండలో నిలబడి ఓపిగ్గా విన్నాడు. విని, "అయితే మీరు నాటకాలోళ్లా సారూ?" అన్నాడు.

లోపల కుర్చీలో ఉన్న ఇంకో కానిస్టేబుల్ కేకేశాడు. "ఇడ్సిపెట్టు. పొద్దుగాల ముసలాయన చెప్పిపోయిండు గద, దొర వస్తుండని. నేను ఎమ్మెల్యే అనుకొని బూట్లు తుడుసుకున్న."

సేటు ఎవరినో పంపి ఉంటాడని అనుకున్నాను. గుట్టు అంటే అర్థం తెలియని మనిషితో బేరం పెట్టుకున్నానని నొచ్చుకున్నాను.

సంతగూడెంలో బస కాంతమ్మ హోటల్లో. కింద భోజనాలు, పైన కిరాయికి రెండు గదులు. నేను మెట్టెక్కబోతుంటే కాంతమ్మ ఒక పీట వేసి, పొగలు కక్కే నీళ్ల బకెట్టు ముందు పెట్టింది.

"ఎండాకాలం వేన్నీళ్లేందమ్మా?" అన్నాను.

"నాకేమెరుక దొరా. ఆయన గట్లనే పెట్టుమన్నడు. కాళ్లు కాల్తే ఆయన్నే అడుగు."

"ఎవరాయన?"

"మీ మనిషే గద. పేరు చెప్పలే. చాయ తాగుమంటే తాగలే, కూసోమంటే కూసోలే. వట్టి కాళ్లతోని ఎండల పోయిండు."

సేటు మనుషులు క్రమశిక్షణ గలవాళ్లని అనుకున్నాను. తీరా చూస్తే సేటు ఊళ్లో లేడు. మధిరలో ఎవరిదో పెళ్లికి పోయాడట, సంత రోజుకు గాని రాడట. సెల్‌ఫోను సిగ్నల్ నీళ్ల ట్యాంకు మెట్ల మీద తప్ప ఎక్కడా లేదు. ఆ మెట్ల మీద కూడా సేటు ఫోను ఎత్తలేదు.

కర్ర పట్టుకుని తిరిగి వెళ్తే మళ్లీ రావడం ఉండదని నాకు తెలుసు. అంత ధైర్యం ఒక్కసారే కూడగట్టుకున్నాను. అందుకని ఉండిపోయాను. ఎందుకు ఉన్నారని కాంతమ్మ అడిగితే గాలి మార్పుకని చెప్పాను.

"మా ఊరికి గాలి మార్పుకు వచ్చినోళ్లను నేనిప్పటిదాంక సూడలే," అంది. "ఇక్కడి గాలి పడక మేమే ఖమ్మం పోతం."

నిజం చెప్పాలంటే, చుట్టుపక్కల చూడటానికి బస చేయాలంటే సంతగూడెం మంచి ఊరు. ఒకటే వీధి. ఒక కిరాణం, ఒక మందుల షాపు, కాంతమ్మ హోటలు. పొద్దున్నే జీపులు నాలుగు దిక్కులా అడవి గుంపులకు, అంటే చిన్న గూడేలకు, పోతాయి, సాయంత్రానికి తిరిగి వస్తాయి. వాగులున్నాయి, గుట్టలున్నాయి, ఇప్పచెట్ల కింద తెల్లవారేసరికి పరిచినట్టు పువ్వు. ఊరికే గదిలో కూర్చుంటే అనుమానం వస్తుందని, నేను కూడా యాత్రికుడిలా తిరుగుదామనుకున్నాను. కర్రను మంచం కింద పెట్టి, ఖమ్మం నుంచి తెచ్చుకున్న సొంత తాళం వేశాను.

మొదట చింతగుంపుకు వెళ్లాను. అక్కడి వాగు బాగుంటుందని జీపు డ్రైవరు చెప్పాడు. వాగు చూడనే లేదు. ఊరి మొదట్లోనే నులక మంచం, మీద జంబుఖానా, పక్కన వేన్నీళ్లు. ఊరంతా నిలబడి ఉంది. వాళ్ల ముఖాల్లో భక్తి ఏమీ లేదు. బస్సు ఆలస్యంగా వస్తే జనం ఎలా చూస్తారో అలా చూశారు.

"ఎంతసేపయ్యా," అన్నాడు ఒక పెద్దాయన. "గజ్జెలు మోగి ఎంతసేపాయె. కూసో."

కూర్చోకుండా ఉండాల్సింది. కానీ మంచం వాల్చి ఉంటే మా ఇంట్లో నిలబడటం ఎవరికీ అలవాటు లేదు. కూర్చున్నాను. కూర్చోగానే ఇద్దరు అన్నదమ్ములు ముందుకు వచ్చారు. ఇప్పచెట్టు అన్న పొలంలో ఉంది. గాలికి పువ్వంతా తమ్ముడి పొలంలో పడుతోంది. అది ఎవరిది?

నేను గొంతు సవరించుకుని, పువ్వు ఎవరి నేల మీద పడితే వాళ్లదే అన్నాను. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

"గది మాకెరుకే," అన్నాడు అన్న. "గాలి ఎటు కొట్టాల్నో చెప్పు."

పెద్దాయన నిట్టూర్చి, "మీ తాత గూడ గిట్లనే చెప్పేటోడట," అన్నాడు. అందరూ వెళ్లిపోయారు. వెళ్తూ మంచం కూడా తీసుకుపోయారు.

సేటు నన్ను ఆటపట్టిస్తున్నాడని ఇంకా నమ్మకంగానే ఉన్నాను. మరునాడు వాగొడ్డుగుంపుకు వెళ్లాను. అక్కడా మంచం ఉంది. ఈసారి భోజనం కూడా ఉంది. కోడికూర, జొన్నన్నం. వద్దంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారని తిన్నాను. కూర చాలా బాగుందని కూడా రాయాలి. చెయ్యి కడుక్కుంటుండగా ఒక ఆడమనిషి ఖాళీ గంప తెచ్చి నా ముందు బోర్లించింది. ఆమె పేరు ముత్తక్క.

"నా తగువు చెప్తా, తీర్పు చెప్పు," అంది. "పొదుగుతున్న పెట్ట. దాన్ని నన్ను అడగకుండ కోసినోనికి ఏం శిక్ష?"

"ఎవరు కోశారు?"

ఆమె మొగుణ్ని చూపించింది. ఆయన నేల చూపులు చూస్తూ, "మరి ఆ ముసలాయన కోడి కోయుమన్నడు," అన్నాడు. "దొరకు ఆకుకూర పెడ్తె బాగుండదన్నడు."

నేను అప్పటికే చెయ్యి కడుక్కున్నాను. కోడిని తిన్నవాడు ఆ కోడి తగువులో తీర్పు చెప్పవచ్చా అన్నది మా వంశంలో అంతకుముందు వచ్చిన ప్రశ్న కాదు. అంటే, వచ్చి ఉంటుంది, ఎవరూ అడిగి ఉండరు. సంత రోజున ఇంకో పెట్టను నేనే కొనిస్తానని చెప్పాను.

"సంతకు ఉంటవా, పోతవా?" అంది ముత్తక్క. "మా నాయనమ్మ గజ్జెల సప్పుడు ఇనంగనే కోళ్లను గంపల పెట్టుకొని అడివిల పడేదట. నాకు సోయి లేకపాయె. గీ కాలంల గూడ దొరలుంటరని నేనేమెరుగుదు."

ఆ ముసలాయన ఎలా ఉన్నాడని అడిగాను. సన్నగా ఉన్నాడన్నారు. ఎడమ కాలు ఈడుస్తున్నాడన్నారు. చెవికి రాగి పోగు. చేతిలో వెండి తలకాయ కర్ర. ఇంకో చేతిలో చెప్పులు.

"తొడుక్కోరాదే, ముండ్లున్నయ్ అన్న," అంది ముత్తక్క. "దొర చెప్పలే అన్నడు."

ఆ ఎండలో నాకు వీపు మీద చల్లగా అయింది. అయినా వంచలేదు.

గదికి వచ్చి తాళం చూశాను. వేసింది వేసినట్టే ఉంది. కర్ర మంచం కిందే ఉంది, దుప్పటి ముడి నేను వేసిన ముడే, గజ్జెలకు గుడ్డలు అలాగే ఉన్నాయి. కానీ కర్ర అడుగున తెల్లటి మట్టి అంటుకుని ఉంది, ఇంకా తడిగా. సంతగూడెంలో ఉన్నది ఎర్రమట్టి. తెల్ల సుద్ద వాగొడ్డుగుంపు వాగు దగ్గర చూశాను. నా కాళ్లకూ అదే మట్టి ఉంది, నిజమే. కానీ నేను కర్రను ముట్టుకునేలోపే అది దానికి ఉంది.

నేను సైన్సు చదివిన మనిషిని కాబట్టి పరీక్ష పెట్టాను. మట్టి శుభ్రంగా తుడిచాను. కర్రను మంచం కోడుకు నైలాను తాడుతో కట్టాను. మళ్లీ చింతగుంపుకే వెళ్తున్నానని పొద్దున కాంతమ్మకు వినపడేలా చెప్పి, మొదట కదిలిన జీపు ఎక్కాను. అది ఎటు పోతుందో నాకే తెలియదు. అది నల్లరాయిగుంపుకు పోయింది.

మంచం వేసి ఉంది.

అక్కడి వాళ్లు కోపంగా ఉన్నారు. మంచం ఒక ముసలాయనది. నడుం పట్టేసి ఉన్నాడు. దొర వచ్చేదాకా ఎవరూ కూర్చోవద్దని చెప్పి గురవయ్య (ఇక ఆ పేరే రాస్తాను) వెళ్లిపోయాడట. పాపం ఆ ముసలాయన పొద్దున్నుంచీ తన మంచం పక్కనే నేల మీద కూర్చుని దాన్ని చూస్తున్నాడు.

"ఇగ నా తగువు ఏందంటే," అన్నాడాయన, "మంచం నాదా, నీదా?"

ఈసారి తీర్పు నాకు వెంటనే దొరికింది. మంచం ఆయనదే అన్నాను. ఆయన ఎక్కి పడుకున్నాడు. "మరి నువ్వేడ కూసుంటవు?" అని అడిగారు. నేల మీద కూర్చోవడం నాకు రాదు. సాయంత్రం జీపు వచ్చేదాకా నిలబడ్డాను. ఆ ఊళ్లో మాత్రమే నా తీర్పు నిలిచింది, నేనూ నిలిచాను.

తిరిగి వచ్చేసరికి నైలాను తాడు నా ముడితోనే ఉంది. కర్ర అడుగున నల్లరేగడి.

నేను మంచం మీద కూర్చుని, గదిలో ఎవరూ లేకపోయినా పైకే అన్నాను. "గురవయ్యా, నేను గుట్టుగా వచ్చాను. నువ్వు ఇలా ఊరూరా చెబితే ఎలా?" జవాబు వచ్చి ఉంటే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు. కింద నుంచి కాంతమ్మ, "ఎవలతోని మాట్లాడుతున్నవ్ దొరా, గాలితోనా?" అని అడిగింది. అవునన్నాను. అది ఒక రకంగా నిజమే.

సంత రోజు వచ్చింది. భాస్కర్ సేటు రాత్రే చేరానని, జనం రాకముందే హోటలు వెనక చింతచెట్ల దగ్గర కలుద్దామని కబురు చేశాడు. దుప్పటి చుట్టిన కర్ర చంకన పెట్టుకుని మెట్లు దిగాను.

వెనక వైపు వెళ్లడానికి వీలు కాలేదు. మెట్ల కింద నుంచి సంత నడిమధ్య దాకా జనం దారి ఇచ్చి నిలబడి ఉన్నారు. అటు ఎండుచేపల వరుస, ఇటు గాజుల దుకాణం, నడుమ నులక మంచం. జంబుఖానా. పక్కన పొగలు కక్కుతూ కాంతమ్మ బకెట్టు. ఇప్పచెట్టు అన్నదమ్ములున్నారు. ముత్తక్క ఖాళీ గంపతో ఉంది. నల్లరాయిగుంపు ముసలాయన్ని ఎవరో ఎడ్లబండిలో తెచ్చారు. క్యాంపు కానిస్టేబుల్ కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నాటకం చూద్దామని.

పారిపోదామనిపించింది. మా ఇంట్లో పరుగెత్తిన వాళ్లు లేరు, ఎలా పరుగెత్తాలో తెలియదు. వెళ్లి కూర్చున్నాను. చంకలోది ఒళ్లో పెట్టుకున్నాను.

మొదటి తగువు చెప్పడానికి ముందుకు వచ్చింది భాస్కర్ సేటు. చలువ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"చింతల కాడ ఎంతసేపు నిలబడాలె సారూ? పొద్దున్నే మీ ముసలాయన మా కాటేజీకి వచ్చిండు. అడిగేదేదో మంచం కాడ అడుగుమన్నడు. అడుగుతున్న. ఈ దొర నాకు పొన్ను కర్ర అమ్ముతానని మాట ఇచ్చిండు. వచ్చిండు, ఉన్నడు, ఊళ్లు తిరుగుతుండు. నేనొచ్చినా కర్ర మాత్రం సూపిస్తలేడు. అమ్ముతడా, అమ్మడా? తీర్పు చెప్పుండ్రి."

సంత అంతా విన్నది. ఎండుచేపలామె తక్కెడ దించి మరీ విన్నది.

నేను ఆ నాలుగు రోజులూ దాచిపెట్టింది ఇదే. అది ఇప్పుడు బేరాల మధ్య, బకెట్టు పక్కన, అందరి ముందూ పడి ఉంది. లేదు అనవచ్చు. ఈయన ఎవరో నాకు తెలియదనవచ్చు. కర్ర తీసుకుని సాయంత్రం బస్సుకు ఖమ్మం చేరి, దాన్ని బీరువా వెనక మళ్లీ నిలబెట్టవచ్చు. గడి పరువు దక్కేది. సరోజిని గ్లాసు పక్కన చాయ పోస్తూనే ఉండేది. పోసి, గ్లాసు నిండిందో లేదో అని వేలు ముంచి చూసుకునేది. ఆ వేలు ఎర్రగా కందిపోయి ఉంటుంది. ఎప్పుడూ నాకు చెప్పలేదు.

మంచం మీద కూర్చున్నాక తీర్పు చెప్పకుండా లేవకూడదు.

"గడివాళ్లు మాట ఇచ్చారు," అన్నాను. "అమ్మాలి."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ముత్తక్క గంప చంక మార్చుకుంది.

"అమ్ముకో అయ్యా," అంది. "అది మోగినప్పుడల్లా పని ఇడిసి మంచాలు వేసుడాయె. మా అవ్వకు తప్పలే, నాకు తప్పలే. గోడకు పెడ్తె మాకూ సుఖం, దానికీ సుఖం."

"ఇన్నేండ్లకు ఒక్క తీర్పు సక్కగ చెప్పిండ్రు," అన్నాడు చింతగుంపు పెద్దాయన. గడి తరఫున ఆ మాట నేను ప్రశంసగానే తీసుకున్నాను.

దుప్పటి విప్పాను. గజ్జెల గుడ్డలు ఒక్కొక్కటి ఊడదీశాను. కర్ర సేటు చేతికి ఇస్తుంటే గజ్జెలు మోగాయి. ఆ ప్రయాణంలో ఆ చప్పుడు నేను విన్నది అదొక్కసారే. మోగగానే సంతలో గంపల కింద ఉన్న కోళ్లన్నీ ఒక్క గొంతుతో గోల పెట్టాయి.

"సూడు, వాటికి గూడ ఎరుకే," అంది ముత్తక్క. తర్వాత నన్ను వెంటబెట్టుకుని కోళ్ల వరుస మొత్తం తిప్పి, అన్నిటికంటే బలిసిన పెట్టను ఎంచుకుంది. దానికి బేరం కూడా నన్ను ఆడనివ్వలేదు.

మధ్యాహ్నం బస్సుకు బయలుదేరి, దీపాలు పెట్టే వేళకు ఖమ్మంలో ఇల్లు చేరాను. సరోజిని గడపలో పీట వేసి కూర్చుని ఉంది. పక్కన బకెట్టులో వేన్నీళ్లు.

ఎవరు చెప్పారని నేను అడిగేలోపే ఆమే చెప్పింది.

"పొద్దు వాలుతుంటే ఒక ముసలాయన వచ్చిండండీ. నా కండ్ల సంగతి మీకు తెలుసు, ముఖం ఆనలేదు. అమ్మా, అయ్య వస్తున్నడు అన్నడు. కర్ర పోయిందమ్మా, మంచిగనే పోయింది, మీ కండ్లు బాగైతయ్ అన్నడు. ఏం కర్రండీ?"

నేను కర్ర సంగతి ఆమెకు చెప్పలేదు. ఫోను చేయలేదు. నా బస్సు అప్పటికి సగం దారిలో ఉంది, దానికంటే ముందు సంతగూడెం నుంచి ఖమ్మం వచ్చే బండి ఏదీ లేదు. విచారించాను.

"ఆయన చేతిలో ఏముంది?" అన్నాను.

"కర్ర లేదు. చేతుల చెప్పులున్నట్టున్నయ్, కిర్రుమంటున్నయ్. పోయేటప్పుడు గడప కాడ ఆగిండు. ఇగ తొడుక్కోవచ్చా అమ్మా, అని అడిగిండు. ఇదేం ప్రశ్న అనుకున్న. తొడుక్కో నాయనా, ఎండ గద అన్న."

"తర్వాత?"

"తొడుక్కున్నడు. కొత్త చెప్పులు గావచ్చు, చానా దూరం దాంక కిర్రు కిర్రుమన్నయ్."

నేను ఆ వేన్నీళ్లతో కాళ్లు కడుక్కున్నాను. ఆ రోజు నీళ్లు మరీ వేడిగా లేవు.

కర్ర డబ్బుతో ఆపరేషన్ చేయించాక సరోజినికి రెండు కళ్లూ నయమయ్యాయి. ఇప్పుడు నా చొక్కా కాలరు చిరుగు వీధి చివర నుంచే చూస్తుంది. ఆ తర్వాత నేను చాలా ఊళ్లు వెళ్లాను. ఎక్కడా మంచం వేసి లేదు, వేన్నీళ్లు లేవు, నేను వస్తున్నానని ఎవరికీ ముందు తెలియలేదు. మట్టి సంగతి, తాళం సంగతి, సరోజినికి తెలిసిన సంగతి నేను చాలా విధాలుగా ఆలోచించాను. ఏదీ అతకలేదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. గురవయ్య గురించి మాత్రం ఏమీ చెప్పలేను.

భాస్కర్ సేటు ఆ కర్రను కొన్నాళ్లు గోడకు ఉంచి, తర్వాత కాటేజీలతో పాటు అమ్మేశాడు. వెండి పొన్ను విడిగా భద్రాచలంలో అమ్ముడుపోయింది. గజ్జెలు సంతగూడెం సంతలోనే అమ్మారు, మేకలకు కట్టుకునేవాళ్లు కొనుక్కున్నారు.